లోపల ఒకడున్నాడు

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు డ్రై ఫోర్క్ ఊపిరితిత్తుల పునరావాస కేంద్రంలో అగ్నిప్రమాద అలారం మోగింది. మంట లేదు. మోగించమన్నది రాష్ట్రం నుంచి వచ్చిన తనిఖీ అధికారి. లోపలున్న నలుగురు పేషెంట్లు బయటికి వచ్చారు. వచ్చిన నలుగురిలో ముగ్గురు మళ్ళీ లోపలికి పోయారు.

ఆ ముగ్గురూ బొగ్గుగనిలో పనిచేసి రిటైరైనవాళ్ళు. ముగ్గురి ముక్కుల్లోనూ ఆక్సిజన్ గొట్టాలున్నాయి. సిలిండర్లు భుజాన వేసుకునే పోయారు.

తనిఖీ అధికారి నోరీన్ ఆస్ట్రాండర్ గుమ్మం పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి ఉంది. ముందు నడుస్తున్న హోబర్ట్ నేపియర్‌ని చెయ్యి అడ్డుపెట్టి ఆపబోయింది.

"ఎక్కడికి?"

"లోపల ఒకడున్నాడు."

"ఎవరు?"

"తెలీదు. తప్పుకోండి మేడం."

బయట మిగిలిన నాలుగో పేషెంటు విల్మా రైస్. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమె పార్కింగ్‌లోంచి అరిచింది.

"ఒరేయ్ బుద్ధిలేనివాళ్ళారా! నిప్పులోకి ఆక్సిజన్ మోసుకుపోతారా! పోండి, పోండి, సాయంత్రానికి ముగ్గుర్నీ ఒకే గుంటలో పెడతాం, ఖర్చు కలిసొస్తుంది!"

కేంద్రం నడిపే ట్వైలా స్టిడమ్ అప్పటికే హాజరు పత్రం చూసి నాలుగు పేర్లు పిలిచింది. నలుగురూ పలికారు. తల తిప్పేసరికి ముగ్గురు లేరు. ఆమె వెనకాల పరిగెత్తింది. ముగ్గురూ గుమ్మం లోపలి గోడకున్న బోర్డు ముందు ఆగి ఉన్నారు. బోర్డుకి ఒకే ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది. దాని మీద నూట పద్దెనిమిది అని ఉంది.

హోబర్ట్ అంకె చదివి టోపీ తీశాడు.

"అయ్యో. ఇది రాన్సమ్‌ది."

రాన్సమ్ డీటన్ చనిపోయి అప్పటికి ఐదు వారాలు. అతని శవపెట్టె మోసినవాళ్ళలో హోబర్ట్ ఒకడు.

ఆ బోర్డు నాలుగో నంబరు గనిది. గనిలోకి దిగే మనిషి తన నంబరున్న బిళ్ళ బోర్డుకి తగిలించి దిగుతాడు. పైకి వచ్చాక తీసుకుని ఇంటికి పోతాడు. బోర్డు మీద బిళ్ళ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. అలారం మోగినప్పుడు చివర వచ్చినవాడు బోర్డు చూసి అరుస్తాడు. విన్నవాళ్ళు వెనక్కి తిరుగుతారు. ఎవరని అడగరు. పేరు తెలిస్తే కొందరు ఆగిపోతారని, అందుకే అడగకూడదని పాతవాళ్ళు నేర్పారు. ఆ మంగళవారం చివర వచ్చినవాడు ఎస్టిల్ ఫ్యుగేట్. అతను అంకె చూడకుండానే అరిచాడు. తక్కిన ఇద్దరూ తిరిగారు.

గని మూతపడ్డప్పుడు హోబర్ట్ ఆ బోర్డుని ఊడదీసి తన ట్రక్కులో వేసుకొచ్చాడు. కంపెనీని అడిగావా అని ఎవరో అంటే, "కంపెనీ నన్నడిగి మూసిందా?" అన్నాడు.

పునరావాస కేంద్రం మెయిన్ రోడ్డు మీద, ఒకప్పటి కిరాణా కొట్టులో ఉంది. తెరిచిన కొత్తలో గనివాళ్ళు రాలేదు. బొగ్గుదుమ్ము జబ్బుకి ఊపిరికి బలమిచ్చే కసరత్తు కావాలని డాక్టరు రాసిచ్చిన కాయితాలు ట్రక్కుల్లో అద్దం కింద ఎండిపోయాయి. రబ్బరు పట్టీలు లాగడానికీ నిలబడ్డచోటే నడవడానికీ ఎవరు పోతారన్నారు. హోబర్ట్ ఒకరోజు బోర్డు తెచ్చి గుమ్మం పక్కన బిగించి, తన బిళ్ళ తగిలించి, ట్రెడ్‌మిల్ ఎక్కాడు. తర్వాతి వారం నుంచి తక్కినవాళ్ళు వచ్చారు. ఎందుకని అడిగితే ఎస్టిల్ ఒక్కడే జవాబిచ్చాడు.

"డ్యూటీకొచ్చినట్టు ఉంటుంది."

విల్మా ఏనాడూ గని దిగలేదు. గుండె ఆపరేషన్ అయ్యాక ఊపిరి అందక ఇక్కడికి వస్తోంది. ఆమె కూడా ఒక బిళ్ళ అడిగి పుచ్చుకుంది.

తనిఖీ మధ్యాహ్నం దాకా సాగింది. నోరీన్ ఇరవై ఏళ్ళు ఆసుపత్రి నర్సుగా చేసి ఈ ఉద్యోగానికి వచ్చింది. డాక్టరు ముందుగా రాసిచ్చిన చికిత్స ప్రణాళిక ప్రతి పేషెంటుకీ ఉందా, చికిత్స చేసేవాళ్ళ అర్హతలేమిటి, యంత్రాలకి మరమ్మతు ఎప్పుడు చేయించారు, చక్రాల కుర్చీ తలుపులో పడుతుందా అని చూసింది. అన్నీ ఉన్నాయి. దారి చూపే ఒక దీపానికి బ్యాటరీ చచ్చింది. అది అప్పుడే మార్చారు. చివర్లో ఆమె ట్వైలాని కూర్చోబెట్టి మాట్లాడింది. తలుపు తెరిచే ఉంది. అవతల ట్రెడ్‌మిల్ మీద హోబర్ట్ ఉన్నాడు.

"ఆ బోర్డు మీరు రాసుకున్న పద్ధతిలో లేదు," అంది నోరీన్.

"లేదు."

"ఎవరిది?"

"వాళ్ళది."

"చనిపోయిన మనిషి బిళ్ళ దాని మీద ఎందుకుంది?"

ట్రెడ్‌మిల్ మీంచి హోబర్ట్ అన్నాడు.

"వాడు తీసుకోలేదు కాబట్టి."

"మిమ్మల్ని అడగలేదండీ."

"వాణ్ణి అడగలేరు కదా. అందుకని నేను చెప్పా."

నోరీన్ రాసిన దాంట్లో ముఖ్యమైనది ఇది: ఖాళీ చేసిన భవనంలోకి పేషెంట్లు తిరిగి వెళ్ళారు. సిబ్బంది ఆపలేకపోయారు. కేంద్రం పద్ధతిలో లేని లెక్కను పేషెంట్లు నమ్మారు. ఆ లెక్క తప్పు. పేషెంట్లను సురక్షితంగా బయటికి తేగల ఏర్పాటు ఉండాలన్న షరతు నెరవేరలేదు.

షరతు నెరవేరని కేంద్రానికి మెడికేర్ ధ్రువీకరణ ఉండదు. అరవై ఐదు దాటినవాళ్ళ వైద్యానికి డబ్బు కట్టే పథకం అది. డ్రై ఫోర్క్‌లో దాదాపు అందరికీ అదే కడుతుంది. దిద్దుకోవడానికి తొంభై రోజుల గడువిచ్చారు. ఈలోగా చెప్పకుండా మళ్ళీ వస్తామన్నారు. అప్పటికీ కుదరకపోతే జూన్ తొమ్మిదితో ధ్రువీకరణ పోతుంది. అది పోతే కేంద్రం మూతపడుతుంది. ఇలాంటి ఇంకో కేంద్రానికి రెండు కొండలు దాటి గంటన్నర పోవాలి. హోబర్ట్ భుజానికుండే సిలిండరు రానూపోనూ సరిపోదు.

కేంద్రానికి ముగ్గురు సభ్యుల పాలకమండలి ఉంది. అధ్యక్షుడు గార్లండ్ సైజ్‌మోర్‌ది హార్డ్‌వేర్ కొట్టు. అతను ట్వైలా తల్లికి వరసకి తమ్ముడు. ఆ గురువారం కొట్టు వెనక గదిలో మాట్లాడుకున్నారు.

"నాలుగు స్క్రూలు, ట్వైలా," అన్నాడు గార్లండ్. "నేనే వచ్చి తీస్తా. కూలి కూడా అడగను."

"తీస్తే వాళ్ళు రారు మామయ్యా."

"వస్తారు. ఊపిరాడకపోతే వాళ్ళే వస్తారు."

"వాళ్ళకి ఊపిరాడక ఇరవై ఏళ్ళయింది. ఎక్కడికొచ్చారు?"

"బోర్డు వల్ల ముగ్గురు ముసలాళ్ళు అలారం మోగుతున్న ఇంట్లోకి దూరారు. ఆ మాట నిజమా కాదా?"

"నిజం."

"మరి?"

"బోర్డు వల్ల కాదు. బోర్డు మీద అబద్ధం ఉంది. దాన్ని తీస్తా. బోర్డు తీయను."

"తనిఖీకొచ్చినావిడకి ఆ తేడా పట్టదు."

"పట్టేదాకా చెప్తా."

మర్నాడు ఉదయం ట్వైలా నూట పద్దెనిమిదో బిళ్ళ మీద చెయ్యి వేసింది. హోబర్ట్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పదేళ్ళలో అతను ఆమెని ముట్టుకోవడం అదే మొదలని ట్వైలా చెప్పింది.

"అలా తీయకూడదమ్మాయ్."

"చనిపోయాడు హోబర్ట్. నువ్వే మోశావు."

"తీసేది ఆ మనిషే. లేదంటే వాణ్ణి బయటికి తెచ్చినవాడు తీసి ఇంటివాళ్ళ చేతికివ్వాలి. అదీ ఇంటివాళ్ళు వచ్చి అడిగితేనే. అడక్కుండా తీస్తే దొంగతనం."

"మరి రాన్సమ్‌ని ఎవరు బయటికి తెచ్చారు?"

హోబర్ట్ ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వే కదే."

ఫిబ్రవరి మొదటి వారంలో రాన్సమ్ డీటన్ ఆ కేంద్రంలో సైకిలు తొక్కుతూ పక్కకి ఒరిగాడు. ట్వైలా అతన్ని నేల మీద పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా గుండె నొక్కుతూనే ఉంది. స్ట్రెచర్ ఒక కొస ఆమే పట్టుకుంది. అంబులెన్స్‌లో ఎక్కింది. కొండ దిగేలోపల ప్రాణం పోయింది.

అతని భార్య ఓర్ఫా బిళ్ళ అడగలేదు.

ట్వైలా ఆ ఆదివారం చర్చి అయ్యాక ఓర్ఫా ఇంటికి పోయింది. వాగు వెంట చివరి ఇల్లు. ఓర్ఫా వంటింట్లో బల్ల మీద ఎండు చిక్కుడు గింజలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. అక్కడ జరిగిన మాటలు ట్వైలా చెప్పినవి. ఓర్ఫా వాటిని కాదనలేదు.

"ప్రభుత్వం పంపిందా నిన్ను?"

"లేదు పిన్నీ. నేనే వచ్చా."

"కాయితం వచ్చిందటగా. విల్మా చెప్పింది. దానికి చెప్తే బస్సెక్కించి ఊరంతా తిప్పినట్టే."

"వచ్చింది."

"బిళ్ళ తీసేస్తానని చెప్పడానికొచ్చావు."

"అడగమని చెప్పడానికొచ్చా."

"నేనడగను."

ట్వైలా కుర్చీ లాక్కుని, కొన్ని గింజలు తనవైపు జరుపుకుని ఏరడం మొదలుపెట్టింది. ఓర్ఫా వద్దనలేదు.

"గని ఉన్నన్నాళ్ళూ ఇంటికొచ్చి ఆ బిళ్ళ ఇదిగో ఈ కిటికీలో పెట్టేవాడు," అంది ఓర్ఫా. "చప్పుడు వినపడితే నేను రొట్టె పొయ్యిలోకి తోసేదాన్ని. గని మూశాక బిళ్ళ సొరుగులో పడింది. చప్పుడు లేదు. మనిషి కూడా సొరుగులో పడ్డట్టే అయ్యాడు. మళ్ళీ నీ దగ్గర తగిలించడం మొదలెట్టాక వారానికి మూడుసార్లు కిటికీలో చప్పుడు. ఆ రోజు నీ దగ్గరికొచ్చాడు, ఇక ఇంటికి రాలేదు. గనిలో మనిషి పోతే ఫోర్‌మన్ ఇంటికొచ్చి తలుపు కొట్టేవాడు. ఎంత పనికిమాలినవాడైనా వచ్చేవాడు. నాకు ఫోనొచ్చింది. ఆసుపత్రి ఆఫీసులోంచి ఎవరో పిల్ల. నా పేరు కూడా సరిగ్గా పలకలేదు."

"నేను రావాల్సింది."

"రావాల్సింది."

ఓర్ఫా ఏరిన గింజలు గిన్నెలో పోసింది.

"ఏమన్నా అన్నాడా?" అంది ఓర్ఫా.

"ఒరిగాక సైకిలు మీంచి దించుతుంటే అన్నాడు. ఇంకా ఆరు నిమిషాలుంది, దించొద్దన్నాడు."

"అంటాడు. సగంలో దిగే మనిషి కాదు." ఓర్ఫా ఒక రాయి ఏరి కిటికీలోంచి విసిరింది. "ఆ పైనుంచి వచ్చినావిడ, బోర్డు మొత్తం తీయమందా?"

"తీసేస్తే గొడవ వదిలిపోతుందని గార్లండ్ మామయ్య అంటున్నాడు."

"గార్లండా! వాళ్ళ నాన్న సమ్మెలో గనివాళ్ళకి మేకులు అమ్మనన్నాడు. వీడిప్పుడు పీకడానికొచ్చాడా? విను. శుక్రవారం వస్తా. అందరి ముందూ అడుగుతా. వాడు కూడా ఉండాలి. నువ్వు తీసి నా చేతికియ్యి. కానీ బోర్డు కదలకూడదు. కదిలిందా, ఈ బిళ్ళ పట్టుకెళ్ళి రాజధానిలో వాళ్ళ ఆఫీసు గుమ్మానికి నేనే మేకు కొడతా. చెప్పు వాళ్ళకి."

శుక్రవారం ఓర్ఫా వచ్చింది. తొమ్మిది మంది పేషెంట్లున్నారు. గార్లండ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఓర్ఫా అడిగింది. ట్వైలా బిళ్ళ తీసి, హోబర్ట్ నేర్పిన మాట అంది.

"నూట పద్దెనిమిది బయటికి వచ్చింది."

ఓర్ఫా బిళ్ళ అందుకుని కోటు జేబులో వేసుకుంది. గార్లండ్ వైపు తిరిగింది.

"స్క్రూడ్రైవర్ తెచ్చావా?"

"లేదు ఓర్ఫా."

"మంచిది. ఇంటి దగ్గరే ఉంచు."

ఆమె తెచ్చిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే తిన్నారు. ఆ పూట కసరత్తు జరగలేదు.

ఇక దిద్దుబాటు కాయితం. లోపం ఎలా సరిచేస్తారో కేంద్రం రాసి పంపాలి. రాష్ట్రం ఒప్పుకోవాలి. ట్వైలా రాసింది: లోపలికి వచ్చిన ప్రతి పేషెంటూ, ప్రతి ఉద్యోగీ బిళ్ళ తగిలించాలి. అలారం మోగితే బిళ్ళ తీసుకునే బయటికి పోవాలి. బోర్డు చూసేది ఉద్యోగి మాత్రమే. ఎవరైనా మిగిలితే లోపలికి పోయేది ఉద్యోగి మాత్రమే. ఎవరైనా చనిపోతే, బయటికి తెచ్చినవాళ్ళు ఆ రోజే ఇంటికి వెళ్ళి, బిళ్ళ సంగతి అడిగి, తీసి ఇవ్వాలి.

రెండు వారాలకి జవాబొచ్చింది. ఒప్పుకోలేదు. బోర్డు తొలగించి హాజరు పత్రం మాత్రమే వాడమని సూచించారు. కింద నోరీన్ సంతకం ఉంది. గార్లండ్ ఉత్తరం చదివి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడేమంటావు?"

ట్వైలా ఫోన్ అందుకుని, అవతలివాళ్ళ మాట గార్లండ్‌కి కూడా వినిపించేలా పెట్టింది.

"మేడం, ఏ నిబంధన ప్రకారం తీయమన్నారు?"

"సూచించానండీ. హాజరు పత్రం అందరూ వాడేది."

"ఆగిపోయే మనిషి హాజరు పత్రం చూసి ఆగుతాడు. మావాళ్ళు ఆగరు. మీరే చూశారు. నలుగురి పేర్లూ పిలిచా, నలుగురూ పలికారు, అయినా పోయారు. వాళ్ళు బోర్డుని నమ్ముతారు, నన్ను కాదు. బోర్డు తీసేస్తే మనసులో పెట్టుకుని లెక్కేస్తారు. అది మీకూ కనపడదు, నాకూ కనపడదు. నిబంధనలో ఇత్తడి వద్దని ఎక్కడుందో చెప్పండి."

"వద్దని లేదు. అది నా అభిప్రాయం."

"అయితే నా అభిప్రాయమని రాసి సంతకం పెట్టి పంపండి. దాన్ని కూడా గోడకి తగిలిస్తా."

గార్లండ్ తల పట్టుకున్నాడు.

"ట్వైలా గారూ, నేను మీ మీద పగబట్టి రాలేదు."

"తెలుసండీ. లేకపోతే ఇంతసేపు వినేవారు కాదు."

"బయటినుంచి వచ్చేవాళ్ళ సంగతేమిటి? పేషెంట్లు, ఉద్యోగులు అని రాశారు. ఆక్సిజన్ దించేవాళ్ళు వస్తారు. పేషెంట్ల ఇంటివాళ్ళు వస్తారు. మీ బోర్డు మీద వాళ్ళు లేరు. హాజరు పత్రంలోనైనా రాయించొచ్చు."

ట్వైలా తను రాసిన కాయితం మళ్ళీ చూసుకుంది.

"అది నిజమే," అంది.

"మీ బోర్డు ఉండాలంటే అందులో అందరూ ఉండాలి."

హోబర్ట్ దగ్గర గనివాళ్ళ పాత బిళ్ళలు ఒక డబ్బాడు ఉన్నాయి. అందులోంచి ఒకటి నుంచి పన్నెండు దాకా చిన్న అంకెలవి ఏరి, బయటివాళ్ళ కోసం గుమ్మం పక్కన కొక్కేలకి పెట్టారు. కాయితంలో ఒక వాక్యం చేరింది: లోపలికి వచ్చే ఎవరైనా సరే, బిళ్ళ తగిలించనిదే గుమ్మం దాటకూడదు. తక్కినదంతా ఒక్క ముక్క మార్చకుండా మళ్ళీ పంపారు. అధ్యక్షుడి సంతకం కావాలి.

"ఇది తిరిగొస్తే ఇంకోటి రాసే టైము ఉండదు," అన్నాడు గార్లండ్. "కేంద్రం పోతుంది. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"నీ ఉద్యోగం కూడా."

"తెలుసు మామయ్యా. పెట్టు."

"మీ అమ్మా ఇంతే," అంటూ గార్లండ్ సంతకం పెట్టాడు.

ఈసారి రాష్ట్రం ఒప్పుకుంది. కాయితం వరకే. అలారం మోగినప్పుడు మనుషులు అలా చేస్తారో లేదో వచ్చి చూస్తామన్నారు.

ఏప్రిల్ చివరి నుంచి ట్వైలా వారానికి ఒకసారి అలారం మోగించింది. పార్కింగ్‌లో పసుపు రంగుతో ఒక గీత గీయించింది. బయటికి వచ్చినవాళ్ళు గీత అవతల నిలబడాలి. మొదటిసారి ఆమె తన సహాయకుణ్ణి లోపలే దాచింది. ఎస్టిల్ గీత దాటి సగం దాకా వచ్చేశాడు. విల్మా అతని సిలిండరు పట్టీ పట్టుకుని వెనక్కి లాగింది. రెండోసారి హోబర్ట్ దాటాడు. అతన్ని ఎవరూ లాగలేదు. ట్వైలా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నన్ను బయట నిలబెడతావా?" అన్నాడు హోబర్ట్.

"నిలబెడతా."

"ముప్పై ఒక్క ఏళ్ళలో మనిషిని వదిలి పైకి రాలేదు నేను. ఒక్కణ్ణీ."

"నువ్వు వదలడం లేదు. లోపలికి నేను పోతున్నా."

"నువ్వా? నా పనిముట్ల సంచీ నీకంటే బరువుండేది."

"రాన్సమ్‌ని మోసింది నేనే కదా. నువ్వే అన్నావు."

హోబర్ట్ సిలిండరు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. వెనక్కి నడిచి గీత అవతలికి పోయాడు. ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. తర్వాతి వారం వచ్చాడు.

మే ఇరవై, మంగళవారం ఉదయం నోరీన్ ఆస్ట్రాండర్ చెప్పకుండా వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీలో విల్మా ఉంది. కొక్కెం మీంచి తొమ్మిదో నంబరు తీసి ఇచ్చింది.

"తగిలించి రా తల్లీ."

"నేను రాష్ట్రం నుంచి."

"దేవుడి దగ్గర్నుంచి వచ్చినా తగిలించాల్సిందే. నువ్వే రాయించావట."

నోరీన్ తగిలించింది. కాయితాలు చూసింది. దీపాలు చూసింది. తర్వాత అలారం మోగించమంది. తను ట్రెడ్‌మిల్స్ పక్కన నిలబడి స్టాప్‌వాచ్ నొక్కింది.

ఆ సమయానికి లోపల ఏడుగురు పేషెంట్లు, ఇద్దరు ఉద్యోగులు ఉన్నారు. పేషెంట్లు ఒక్కొక్కరే బిళ్ళ తీసుకుని బయటికి పోయారు. నడవలేని ఒకామెని ట్వైలా సహాయకుడు చక్రాల కుర్చీలో తీసుకుపోయాడు. చివర ట్వైలా తన బిళ్ళ తీసుకుని, బోర్డు చూసి, అరిచింది.

"లోపల ఒకరున్నారు!"

ఏడుగురూ గీత అవతల ఉన్నారు. హోబర్ట్ గీత మీదికి వచ్చాడు. గీత మీదే ఆగాడు.

"పో మరి! చూస్తావేం, పో!" అని ట్వైలా మీద కేకవేశాడు.

ట్వైలా లోపలికి పోయింది. నోరీన్ పుస్తకంలో ఏదో రాసుకుంటోంది.

"బయటికి నడవండి మేడం."

"నేను తనిఖీ చేస్తున్నానండీ. నేను లెక్కలోకి రాను."

"బిళ్ళ తగిలించారు. వస్తారు."

"నేను ఇక్కడినుంచి చూస్తేనే..."

"మీరు తనిఖీ చేస్తున్నారు. నేను ఖాళీ చేయిస్తున్నా. మీరు రాకపోతే వాళ్ళు అక్కడ ఎంతసేపు ఆగుతారో నాకు తెలీదు. నడుస్తారా, మొయ్యనా?"

నోరీన్ పుస్తకం మూసింది. గుమ్మం దగ్గర బిళ్ళ తీసుకుంది. ట్వైలా ఆమె మోచెయ్యి పట్టుకుని గీత దాకా నడిపించింది. హోబర్ట్ చెయ్యి చాపాడు. నోరీన్ బిళ్ళ అతని చేతిలో పెట్టింది. అతను అంకె చూసి, తిరిగి వెనకవాళ్ళకి వినపడేలా అన్నాడు.

"తొమ్మిది బయటికి వచ్చింది."

"మేడం, మీ గడియారం ఇంకా తిరుగుతోంది," అంది విల్మా.

నోరీన్ స్టాప్‌వాచ్ ఆపింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేదు. పేషెంట్లలో ఎవరైనా భవనం వైపు తిరిగి నడిచారా అని సహాయకుణ్ణి అడిగింది. లేదన్నాడు. గీత మీద నిలబడ్డ హోబర్ట్ బూట్ల వైపు చూసింది. అవి గీత దాటలేదు.

"నన్ను పట్టుకుని బయటికి తెచ్చిన కేంద్రం ఇదొక్కటే," అంది ట్వైలాతో.

"అది లోపమా మేడం?"

"ఫలితం ఉత్తరంలో వస్తుంది."

ఆమె మధ్యాహ్నం వెళ్ళిపోయింది.

ఉత్తరం జూన్ మూడున వచ్చింది. ట్వైలా దాన్ని తెరవకుండా గార్లండ్‌కి కబురు పెట్టింది. అతను వచ్చాక తెరిచి, పేషెంట్ల ముందు నిలబడి చదివింది. మార్చిలో రాసిన లోపాలు సరిచేసినట్టు తేలింది. షరతులన్నీ నెరవేరాయి. ధ్రువీకరణ కొనసాగుతుంది. జూన్ తొమ్మిది నాటి రద్దు నోటీసు ఉపసంహరించారు.

"బోర్డు గురించి ఏమంది?" అని అడిగాడు హోబర్ట్.

"ఏమీ అనలేదు."

"తప్పని కూడా అనలేదా?"

"లేదు."

"ఒప్పని?"

"అదీ లేదు. కూర్చుంటావా, నడుస్తావా? ఇంకా పావుగంట ఉంది నీకు."

హోబర్ట్ ట్రెడ్‌మిల్ ఎక్కాడు.

ఆ వారం డాక్టరు రాసిచ్చిన కాయితాలతో కొత్తగా ఇద్దరు చేరారు. ఇద్దరూ గనివాళ్ళే.